ఏడో కప్పు

టొమ్మా హార్మ్స్‌కి ఓర్వలేనితనం రొయ్యలతో పాటే అబ్బింది. చిన్నప్పుడు జర్మనీ ఉత్తర తీరాన, నోర్డైష్ రేవులో పడవలు దింపిన బూడిదరంగు బుల్లి రొయ్యల్ని తల్లి వంటింటి బల్ల మీద కుప్పపోసేది. అక్క గేషె, తను ఎదురెదురుగా కూర్చుని ఒలిచేవాళ్ళు. గేషె ముందున్న కుప్ప ఎప్పుడూ రెండు వేళ్ళు ఎత్తుగా ఉండేది. తల్లి ఏనాడూ తూచలేదు. టొమ్మా కళ్ళే తూచేవి.

"ఎదుటివాళ్ళ కుప్ప మీద కన్నేసి ఒలిస్తే గోరు తెగుతుందే," అనేది తల్లి. గోరు తెగుతూనే ఉండేది.

పెద్దయ్యాక ఆ రేవులోనే చేపల బండి పెట్టింది. బన్ను మధ్యలో ఉప్పులో ఊరిన చేప, పైన ఉల్లిపాయ ముక్కలు. దక్షిణాది నుంచి వచ్చే రైలు సరిగ్గా ఓడరేవు అంచున ఆగేది. జనం పెట్టెలు లాక్కుంటూ దిగి, ఓడెక్కి, ఎదుటి దీవికి షికారు పోయేవాళ్ళు. ఒక చేత్తో బన్ను అందిస్తూ టొమ్మా వాళ్ళ పెట్టెల్ని చూసేది. ఆ పెట్టెలు ఎక్కడెక్కడ తిరిగి వచ్చాయో అనుకుంటే కడుపులో ఏదో మండేది. తను ఆ రైలెక్కి హనోవర్ దాటి ఎరగదు.

భర్త హబ్బోది ఆ ఓడలోనే ఉద్యోగం. అడుగున, యంత్రం గదిలో. దీవికి వెళ్ళడం, తిరిగి రావడం. రిటైరయ్యేదాకా అదే దారి.

ఆ తీరంలో పలకరింపంటే "మొయిన్" అన్న ఒక్క మాట. అదే మాట రెండుసార్లు అన్నవాణ్ణి వాగుడుకాయ అంటారు. హబ్బో ఆ ఒక్కదాన్నీ సగం మింగేసేవాడు. దానికి టొమ్మా ఎప్పుడూ బాధపడలేదు. తన మొగుడి దగ్గర మాటలు తక్కువే గాని ఉన్నవన్నీ తనవే అనుకునేది. గేషె మొగుడు ఊరందరితోనూ కబుర్లాడతాడు, ఇంటికొచ్చి గురకపెడతాడు. ఆ ఒక్క లెక్కలో మాత్రం తన కుప్పే ఎత్తు అని టొమ్మా నమ్మకం.

హబ్బో రిటైరైన ఏడాది టొమ్మా పట్టుబట్టి ప్రయాణం పెట్టించింది. కొలోన్, బాసెల్, మిలాన్, ఆఖరికి వెనిస్. అన్నీ రైల్లోనే. 

"ఏమే, అన్ని గంటలు ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చుని ఏం మాట్లాడుకుంటారే?" అంది గేషె.

"మేం వెళ్ళేది మాట్లాడుకోడానికి కాదు, చూడ్డానికి."

"అదీ నిజమే. మాట్లాడాలంటే ఇంకో మనిషిని తీసుకెళ్ళాలి."

అక్క ఏ నోటితో అందో గాని, ఆ ఇంకో మనిషి కొలోన్‌లో రైలెక్కింది.

కొలోన్‌లో వాళ్ళు పెద్ద చర్చి గోపురం ఎక్కారు. కింద నది మీద పొడుగాటి సరుకు పడవలు పోతుంటే హబ్బో చాలాసేపు చూసి, "డీజిల్," అన్నాడు. టొమ్మా ఆ మాటని కూడా దాచుకుంది.

మర్నాడు బాసెల్ రైల్లో బల్ల ఉన్న నాలుగు సీట్ల చోటు వాళ్ళది. నోర్డైష్‌లో బయల్దేరినప్పటి నుంచీ కిటికీ పక్క సీటు టొమ్మాదే. హబ్బో దారి వైపు కూర్చునేవాడు. అది ఎవరూ అడిగిందీ కాదు, ఇచ్చిందీ కాదు. ఎదురుగా కిటికీ సీట్లో ఒకావిడ వచ్చి కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, మెడలో పసుపుపచ్చ స్కార్ఫు.

"నా పేరు రోస్విటా. ఆగ్స్‌బర్గ్ మాది, కొలోన్ చూడ్డానికొచ్చాను. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసి మానేశాను. మీ టికెట్లు కూడా నేను కొన్న ట్రావెల్ ఆఫీసువేనా? అయితే మిలాన్ దాకా మనం ఈ బల్ల దగ్గరే! మా చెల్లెలు అక్కడుంది. మీరో?"

ఒక్క గుక్కలో ఇన్ని మాటలు విని హబ్బో టొమ్మా వైపు చూశాడు. టొమ్మా "వెనిస్," అంది.

తర్వాత టీ బుట్ట తీసింది. ఆ తీరం మనిషి ఇల్లు వదిలినా టీ వదలడు. గులాబీ పువ్వు బొమ్మ ఉన్న చిన్న చిన్న పింగాణీ కప్పులు, తువ్వాలులో చుట్టిన కూజా, థర్మాస్‌లో వేడినీళ్ళు, పటికబెల్లం, జాడీలో మీగడ. కప్పులో పటికబెల్లం ముక్క వేసి టీ పోస్తే అది చిటపటమని పగలాలి. అంచు వెంబడి చెంచాతో మీగడ జార్చాలి. కలపకూడదు. ఇంట్లో టీ పోసేది హబ్బోనే. మూడు కప్పులు తాగడం మర్యాద. చాలనుకున్నవాళ్ళు చెంచా కప్పులో వేస్తారు. వెయ్యకపోతే ఇంకా కావాలని. ఇది నోర్డైష్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు.

హబ్బో ఎదుటావిడకీ ఒక కప్పు పెట్టాడు. పటికబెల్లం చిటపటలాడింది.

"అబ్బ, ఎంత బాగుందో ఈ చప్పుడు!" అంది రోస్విటా.

ఆ చప్పుడు మా ఇంటిది అనుకుంది టొమ్మా.

మూడు కప్పులయ్యాక టొమ్మా చెంచా తన కప్పులో వేసింది. హబ్బో వేసుకున్నాడు. రోస్విటా చెంచా సాసర్లోనే ఉంది. హబ్బో నాలుగోది పోశాడు. ఆవిడ తాగింది. చెంచా కదల్లేదు. అయిదోది పోశాడు.

'ఎంత ఆబ,' అనుకుంది టొమ్మా. 'టీ మీదో, పోసేవాడి మీదో.'

అప్పుడు జరిగింది అసలు వింత. అయిదో కప్పు పోస్తూ హబ్బో నోరు విప్పాడు. మా నీళ్ళలో సున్నం ఉండదు, అందుకే టీ అంత నల్లగా దిగుతుంది, ఇక్కడి నీళ్ళకి ఆ రంగు రాదు అన్నాడు. పూర్తి వాక్యాలు. రోస్విటా తలూపింది. ఆపైన ఓడ యంత్రం గురించి, పిస్టన్ల గురించి, పొగమంచు రోజుల గురించి కూడా చెప్పాడు. టొమ్మా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కొండల మీద కోటలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఒక్కటీ ఆమె కంట్లో పడలేదు.

బాసెల్ హోటల్లో పడుకోబోతూ, "ఇవాళ బాగా పొద్దుపోయింది నీకు," అంది.

"ఆఁ," అన్నాడు హబ్బో. అంతే. ఉన్న మాటలన్నీ రైల్లోనే ఖర్చుపెట్టేసి వచ్చాడు.

మూడోనాడు మిలాన్ రైలు. మళ్ళీ అదే బల్ల, అదే పసుపు స్కార్ఫు.

"మీ టీ లేకపోతే ఇంక నాకు ప్రయాణం లేదు!" అని నవ్వింది రోస్విటా. ఆ నవ్వు కాస్త బలవంతంగా ఉందని తర్వాత ఎప్పుడో టొమ్మాకి గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది.

మూడు కప్పులు కాగానే టొమ్మా చెంచా వేసి లేచింది. టాయిలెట్ ముందు ఎవరో పిల్లల తల్లి, తర్వాత ఇంకెవరో. తిరిగి వచ్చేసరికి రైలు పెద్ద సొరంగంలో ఉంది. 

హబ్బో తన సీట్లో లేడు. ఎదుటివైపు, రోస్విటా కిటికీ సీట్లో ఉన్నాడు. ఆవిడ అతని పక్కన, దారి వైపు. బయట చీకటి. నల్లటి అద్దంలో ఇద్దరి మొహాలూ పక్కపక్కన, పెళ్ళి ఫోటోలోలా పడ్డాయి. హబ్బో ఆవిడ కప్పులోకి టీ వంచుతున్నాడు.

"ఏంటిది? కాపురం మార్చేశారా?" అంది టొమ్మా.

హబ్బో కూజా దించాడు. రోస్విటాయే అందుకుంది.

"నేనే లేపి కూర్చోబెట్టానండీ. పాపం, ఉద్యోగమంతా నీటి మట్టానికి కిందే గడిచిందటగా. ఆ యంత్రం గదికి కిటికీయే లేదట! అందరూ పైన నించుని సముద్రాన్ని చూస్తుంటే ఈయన మాత్రం ఇనప గోడని చూసేవాడట. ప్రయాణమంటే కిటికీ పక్కన కూర్చోవడమే అని ఎప్పటి నుంచో అనుకునేవాడట. అది వినీ ఎలా ఊరుకుంటాను? తీరా కూర్చోబెట్టానో లేదో, ఈ సొరంగం!"

టొమ్మా కూర్చుంది. తన సీట్లో. కిటికీ పక్కన.

యంత్రం గదికి కిటికీ లేదని ఆమెకి తెలుసు. ఎన్నోసార్లు అన్నం డబ్బా పట్టుకుని ఆ మెట్లు దిగింది. కిటికీ కావాలని అతనికి ఉందని తెలీదు. తన మొగుడి మనసులో మాట, పసుపు స్కార్ఫు కట్టుకున్న, నిన్ననే ఎదురైన మనిషి నోటి నుంచి, అదీ పాపం అన్న మాట జోడించి, తను వినాల్సి వచ్చింది. చిన్నప్పుడు తెగిన గోరు ఇంతగా మండలేదు.

"కప్పులో ఎన్నోది?" అని అడిగింది.

"ఆరోది," అన్నాడు హబ్బో.

టొమ్మా వంగి, రోస్విటా సాసర్లోంచి చెంచా తీసి, ఆవిడ కప్పులో వేసింది. టీ చిందింది.

"అంటే చాలని. మా ఊళ్ళో."

రోస్విటా చెంచా వంక చూసింది. తర్వాత టొమ్మా వంక.

"చెంచా వేస్తే... ఇంక పొయ్యరా?"

"పొయ్యరు."

"ఓరి దేవుడోయ్!" ఆవిడ రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. "నిన్ననే చెప్పొచ్చు కదండీ! వద్దంటే మీరు నొచ్చుకుంటారేమోనని తాగుతున్నాను, తాగుతున్నాను. ఈయనేమో పోస్తూనే ఉన్నాడు! బాసెల్‌లో నిద్రే లేదు నాకు. ఇంక ఆగలేను!" అని లేచి టాయిలెట్ వైపు పరుగెత్తింది.

హబ్బో చిన్నగా దగ్గాడు. అతను నవ్వినట్టే ఉంది. టొమ్మా నవ్వలేదు. ఆవిడకి కావలసింది తన మొగుడూ కాదు, టీ కూడా కాదు. అది తేలిపోయాక మంట చల్లారాలి. చల్లారలేదు. ఆవిడ ఏమీ కోరకుండానే అతను ఇచ్చాడు. అదే తనని కాలుస్తోంది.

మిలాన్‌లో ఆవిడ ఇద్దరి బుగ్గలూ ముద్దుపెట్టుకుని దిగి వెళ్ళిపోయింది. టొమ్మా ఆ పూట నుంచి భర్తతో మాట్లాడ్డం మానేసింది. చర్చి పైకప్పు మీద రాతి శిఖరాల మధ్య తిరిగారు, అద్దాల కప్పు ఉన్న బజారులో నడిచారు, అన్నం కుంకుమపువ్వు వేసి పచ్చగా వండితే తిన్నారు. ఎక్కడా ఒక్క మాట లేదు. సాయంత్రానికి ఆమెకి అర్థమైంది. మాట్లాడని మొగుడితో మాటలు మానేస్తే, మానేసినట్టు ఎవరికి తెలుస్తుంది?

వెనిస్ రైల్లో హబ్బో ఎప్పటిలాగే దారిలో నించుని, ఆమె లోపలికి వెళ్ళడం కోసం ఆగాడు.

"వెళ్ళు," అంది టొమ్మా.

"ఎక్కడికి?"

"కిటికీ దగ్గరికి."

"నాకిక్కడ బాగానే ఉంది."

"ఆవిడ లేపితే లేచావుగా?"

హబ్బో లోపలికి జరిగి కూర్చున్నాడు. కోటు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. రైలు కదిలాక అద్దానికి నుదురు ఆనించాడు. అతని మెడ వెనక ఆ ముడతలు ఎప్పుడొచ్చాయో టొమ్మా ఈ వైపు నుంచి ఇప్పుడే చూసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏది?"

"కిటికీ సంగతి."

"నువ్వు అడగలేదు."

"ఆవిడ అడిగిందా?"

"అడగలేదు." అద్దం నుంచి నుదురు తీశాడు. "కప్పు ఖాళీ అవుతోంది, పోస్తున్నాను. ఊరికే పోస్తూ కూర్చుంటే బాగుండదు కదా. ఏదో ఒకటి చెప్పాలి."

టొమ్మా టీ బుట్ట తీసి బల్ల మీద పెట్టింది. హబ్బో పోశాడు. పటికబెల్లం చిటపటలాడింది. మొదటిది, రెండోది, మూడోది. మూడోది తాగి హబ్బో తన చెంచా కప్పులో వేసుకున్నాడు. టొమ్మా చెయ్యి కూడా దానంతటదే చెంచా మీదికి వెళ్ళింది. కొన్ని వేల సార్లు వెళ్ళిన దారి. చెంచాని పట్టుకుని, గుప్పిట మూసి, ఒళ్ళో పెట్టుకుంది.

హబ్బో ఆమె కప్పు వంక చూశాడు. మొహం వంక చూశాడు. నాలుగోది పోశాడు.

నాలుగో కప్పుకి ఏమీ చెప్పలేదు. అయిదోదానికి, "నీళ్ళు చల్లారుతున్నాయి," అన్నాడు. ఆరోదానికి పటికబెల్లం పగల్లేదు. టీ గోరువెచ్చగా, గడ్డి రంగులో ఉంది. టొమ్మా దాన్ని కూడా మింగింది. పొట్టలో టీ కదులుతోంది. రోస్విటా మీద మొదటిసారి కాస్త జాలేసింది.

కూజాలో మిగిలింది ఒక్క కప్పు. హబ్బో దాన్ని వంచుతుండగా గట్టు అయిపోయింది. రైలు వంతెన ఎక్కింది. రెండు వైపులా నీళ్ళు. తేటగా, లోతు లేని నీళ్ళు, వాటిలో నాటిన కర్ర గుంజలు, గుంజల మీద పక్షులు. అచ్చం నోర్డైష్ రేవు ముఖద్వారంలా. హబ్బో కూజా దించడం మర్చిపోయాడు.

"రేవు దగ్గరికి వస్తే లోతు తగ్గుతుంది," అన్నాడు కిటికీతో. "యంత్రం చప్పుడు మారుతుంది. బరువెక్కుతుంది. చూడక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది. అప్పుడు నేను ఎడమవైపు గోడకేసి తిరిగేవాణ్ణి."

"ఎందుకు?"

"అటు నీ బండి ఉంటుంది."

టొమ్మా గుప్పిట్లో చెంచా వెచ్చబడింది.

"కనపడేది గోడేగా?"

"గోడే."

"రోజూనా?"

"వచ్చినప్పుడల్లా."

ఆమె అడగకూడదనుకుంది. కాని రొయ్యల కుప్పల నాటి బుద్ధి, ఎక్కడికి పోతుంది?

"ఇది ఆవిడకి చెప్పావా?"

"ఆవిడకా?" హబ్బో కిటికీ నుంచి తల తిప్పాడు. "లేదు. ఆరో కప్పుకే నువ్వు చెంచా వేసేశావుగా."

టొమ్మా ఏడో కప్పు ఎత్తి తాగేసింది. చెంచా మాత్రం ఒళ్ళోనే ఉంచుకుని, ఖాళీ కప్పుని అతని ముందుకి జరిపింది.