మా సార్ చెరిపేసిన ఓట్లు

మొన్న మంగళవారం పొద్దున పెద్ద అంబర్‌పేట్ నుంచి మా సార్ తమ్ముడు ఫోన్ చేశాడు. "మా అన్న పోయిండు" అని ఒక్క మాటే అన్నాడు. ఎన్నో ఏళ్లుగా ఆయనతో ఒక సంగతి చెప్పాలనుకుంటూ చెప్పలేకపోయాను. ఇక ఎప్పటికీ చెప్పలేను. అందుకే మీకు చెబుతున్నాను.

ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. నాకు పాఠం చెప్పారు, తర్వాత అదే కాలేజీలో ఉద్యోగమూ ఇప్పించారు. ఇద్దరిదీ నల్లగొండ వైపే. ప్రోగ్రాం తప్పు రాసిన పిల్లల్ని ఎన్నడూ తిట్టేవారు కాదు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏడ తప్పిందో చూద్దాం పా" అనేవారు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. క్లాసులు ఆపి సమ్మెలోకి దిగాలా వద్దా అని మా స్టాఫ్ ఓటు పెట్టుకుంది. మాలో సగం మంది కోస్తా నుంచి వచ్చినవాళ్లు. చేతులెత్తమంటే భయపడతారని సార్ ల్యాబ్‌లో కంప్యూటర్ మీద ఓటింగ్ ఏర్పాటు చేశారు. ఒక్కొక్కరికీ పేరు రాసుకుని ఒక నంబరు చీటీ ఇచ్చారు. "ఎవలు వేసిండ్రో తెల్వాలె. ఏం వేసిండ్రో తెల్వద్దు" అన్నారు. ఆయన కూడా ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్న మనిషే.

సమ్మె వద్దన్నవాళ్లు గెలిచారు.

స్టాఫ్‌రూమ్ భగ్గుమంది. "వద్దన్నది ఎవలో చెప్పు సార్, మిషన్ల ఉంటది గదా!" అని చుట్టుముట్టారు. సార్‌కు అబద్ధం చెప్పడం చేతకాలేదు. ఒకరే రెండుసార్లు వేయకుండా చూడబోయి, ప్రతి నంబరు పక్కనే ఆ ఓటు కూడా నమోదయ్యేలా పెట్టారు. "జర ఆగుండ్రి, తప్పు నాదే" అన్నారు. లెక్కల మేడమ్ తలుపు దగ్గర నిలబడి, "పేర్లు బయటికొస్తే రేపట్నుంచి మేం ఎలా రావాలండీ?" అంది.

ఆ గుంపులో అందరికంటే గట్టిగా అరిచింది నేను. "పేర్లు చెప్పాల్సిందే సార్!" అన్నాను. కానీ వద్దని ఓటు వేసినవాళ్లలో నేనూ ఒకణ్ని. నా భార్యకు నెలలు నిండాయి, ఉద్యోగం పోతుందేమోనని భయం. అరవకపోతే నన్నే అనుమానిస్తారని ఇంకా భయం.

సార్ నావైపు ఒక్కసారి చూసి, ల్యాబ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు. కాసేపటికి బయటికొచ్చి, "మొత్తం చెరిపేసిన. రేపు కాయితం మీద వేద్దాం" అన్నారు.

మర్నాడు ఓటు వేయడానికి ఎవరూ రాలేదు. ఓట్లు చెరిగిపోయాక గెలిచిందెవరో చూపించడానికి కూడా ఏమీ మిగల్లేదు. మా తెలంగాణవాళ్లు ఆయన్ని అమ్ముడుపోయాడన్నారు. అవతలివాళ్లు కావాలనే ఫలితం మాయం చేశాడన్నారు. వారం తిరగకుండా సార్ ఉద్యోగం పోయింది. మళ్లీ ఏ కాలేజీ పిలవలేదు. నేను మాత్రం అదే ల్యాబ్‌లో, ఆయన కుర్చీలోనే కూర్చుని పాఠాలు చెప్పాను. ఒక్కనాడూ నోరు విప్పలేదు.

ఆర్నెల్ల కిందట ఎల్‌బీ నగర్ బస్టాపులో కనిపించారు. బాగా చిక్కిపోయారు. చేతిలో దవాఖాన కాగితాలు. నాకు ఏడుపు ఆగలేదు.

"సార్, ఆ రోజు నా ఓటు..."

చెయ్యి అడ్డం పెట్టారు. "చెప్పకు బిడ్డా. ఆనాడే నేను చూడలే. ఇప్పుడెందుకు చూపెడ్తవ్?"

బస్సొచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. అది కదిలితే నేను పక్కనే పరుగెత్తుతూ ఆ మాటే అరిచాను. హారన్ల మోతలో సార్ చెవి మీద చెయ్యి పెట్టుకుని, ఏమీ వినబడటం లేదన్నట్టు తల అడ్డంగా ఊపుతూ నవ్వారు.