అక్క కారులో హీటరు

పెట్రోలు కార్లను కరెంటు కార్లుగా మార్చే పెద్ద మేస్త్రీ, పానా పట్టకముందే తన ఘనత ఏకరువు పెడతాడు: చదివింది ఐదో తరగతి, మార్చినవి ముప్ఫై ఒక్క కార్లు, అన్నిటిలోకీ మేటి అక్క కారు, ఒక్క చార్జింగుకు నూట అరవై కిలోమీటర్లు. హీటరు పెడితే ఆ లెక్క తగ్గుతుందని, "చోటు లేదక్కా" అని నిరుడు అబద్ధమాడాడు. ఈ ఉదయం బ్రేకులు చూద్దామని కారు తెరిస్తే, సీటు కింద వేడినీళ్ల సంచీ, రెండు జతల ఉన్ని చేతి తొడుగులు కనిపించాయి. వెంటనే పానా పట్టి డాష్‌బోర్డు విప్పి, పాత హీటరు గూట్లోనే కరెంటు హీటరు బిగించాడు. ఇంకా జానెడు చోటు మిగిలింది.

సాయంత్రం రొట్టెల దుకాణం మూసి వచ్చిన అక్క, మొహానికి వెచ్చటి గాలి తగలగానే నవ్వింది.

"చోటెక్కడ దొరికిందిరా?"

మేస్త్రీ చెవి మీది పెన్సిలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"దూరం తగ్గుతుందేమో! దుకాణానికొచ్చిన వాళ్లందరికీ మా తమ్ముడి కారు నూట అరవై అని గొప్పలు చెప్పుకున్నాను" అంటూ ఆమె స్విచ్చి ఆపబోయింది.

కొంకర్లు పోయిన ఆ వేళ్లను పట్టుకుని, గాలి వచ్చే చోట పెట్టాడు.

"చోటు మొదట్నించీ ఉందక్కా. ఇకనుంచి నూట ముప్ఫై అని చెప్పు."