సంచిలో మిగిలిన మందులు

నా మనవరాలు ఆడే ఆటలో ఎవరింట్లోకైనా తలుపు తోసుకుని వెళ్లిపోవచ్చు. వాళ్ల కుండల్లో చెయ్యి పెట్టొచ్చు, పెట్టె తెరిచి ఉన్నది తీసుకోవచ్చు. ఇంటివాళ్లు పక్కనే నిలబడి చూస్తారు, ఏమీ అనరు. మొదటిసారి చూసినప్పుడు ఇది దొంగతనం కాదా అని అడిగాను. కాదంది. ఆ ఆటలన్నిటిలో అదే పద్ధతంది. అలాంటి ఊరు మా కళింగపట్నం పక్కన లేనందుకు సంతోషించాను.

ఆ పిల్ల నా కూతురి కూతురు. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి నర్సు చదువు చదువుతుండేది. ఆటో బోల్తా పడి కుడికాలు మోకాలి దగ్గర విరిగింది. సిమెంటు కట్టు విప్పాక తెచ్చి నా ఇంట్లో దింపారు. దాని తల్లిదండ్రులు గజపతినగరంలో ఉప్పుచేపల కొట్టు నడుపుతారు. కింద కొట్టు, పైన ఇల్లు. ఆ మెట్లు ఎక్కే కాలు కాదు అప్పటికి. నాది నేల మీది ఇల్లు, గుమ్మం దాటితే ఇసుకే.

ఎముకల డాక్టరు ఒక్కటే చెప్పాడు. విరిగింది అతుక్కుంది, ఇక మోకాలు వంచాలి, ఇప్పుడు వంచకపోతే బిగుసుకుపోతుంది, అలా బిగుసుకున్నాక తను చేసేది పెద్దగా ఉండదు అని. నర్సు బడి నడిపే పెద్దమ్మగారు కూడా మంచిగానే మాట్లాడింది. వేసవి సెలవుల తర్వాత వరకూ సీటు ఉంచుతాను, కానీ వార్డులో వంగాలి, లేవాలి, మెట్లెక్కాలి, కర్రలా ఉన్న కాలితో ఆ పని కుదరదు అంది. అందుకని ఆ వేసవి నాకు ఆ మోకాలు తప్ప వేరే ఆలోచన లేదు.

కాలు వంచడం ఆసుపత్రిలో ఒకామె నేర్పింది. మంచం మీద పడుకుని, పాత చీరముక్క పాదానికి తగిలించి, రెండు కొసలూ చేత్తో పట్టుకుని మడమను తనవైపు లాక్కోవాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మా పిల్ల నాలుగుసార్లు లాగేది, పళ్లు బిగించేది, చీరముక్క పక్కన పడేసేది. ఆ తర్వాత ఆ ఆటపెట్టె చేతిలోకి తీసుకునేది.

ఆ పెట్టె హాస్టల్లో దాని స్నేహితురాలిది. అరచేతిలో పట్టేంత ఉంటుంది, మధ్యలో చిన్న అద్దం, రెండు పక్కలా మీటలు. మంచంలో పడి ఉంటావు కదా, పొద్దుపోతుంది అని ఇచ్చిందట. జపానువాళ్లు చేసిన ఆట, మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. కరెంటు ఎంత తాగుతుందని ముందు అది అడిగాను. సెల్‌ఫోను తాగినంతే అంది. సరే అన్నాను.

మామూలు రోజుల్లో అయితే నేను దాన్ని పట్టించుకునేదాన్ని కాదు. తెల్లారితే ఒడ్డుకు పోవాలి, చేప కొనాలి, కొయ్యాలి, ఉప్పు పెట్టాలి, ఎండలో తిరగెయ్యాలి, ఎండింది ఆమదాలవలస పట్టుకెళ్లి అమ్మాలి. కానీ అది వేట ఆపే కాలం. చేపలు గుడ్లు పెట్టే రోజులని సర్కారు వేట ఆపేస్తుంది. పడవలన్నీ ఇసుక మీదికి లాగి ఉన్నాయి. నాకు పని లేదు. పని లేనిదాన్ని మంచం పక్కన కూర్చుని చూడక ఏం చేస్తాను?

అంతసేపు ఏముంది అందులో అని అడిగాను. మొదట విసుక్కుంది. తర్వాత తనే తెలుగులో చెప్పడం మొదలెట్టింది. నలుగురు మనుషులు ఊరూరా నడుచుకుంటూ పోతారు. ఒకడు కత్తివాడు. ఒకతె మంత్రాలు వేస్తుంది. ఒకతె దెబ్బలు మాన్పుతుంది. ఇంకొకడు ముసలివాడు, వాడికి తిట్టడం తప్ప ఏం తెలుసో నాకు చివరిదాకా అర్థం కాలేదు. దారిలో చిన్న చిన్న భూతాలు వస్తాయి. ఒకడు కొడతాడు, వాడి వంతు అయ్యాక భూతం కొడుతుంది, మళ్లీ వీళ్ల వంతు. అంత మర్యాదగా కొట్టుకోవడం నేనెక్కడా చూడలేదు. మా రేవులో ఆడవాళ్లు చేపల బుట్ట దగ్గర కొట్టుకుంటే వంతులు ఉండవు.

అది చెబుతుంటే నాకు పడవ గుర్తొచ్చింది. తెడ్డు పట్టేవాడు తెడ్డే పడతాడు, వల విసిరేవాడు వలే విసురుతాడు, నీళ్లు తోడేవాడు తోడుతూనే ఉంటాడు. ఒకడు లేకపోతే మిగతావాళ్లు తిరిగి రారు. ఈ నలుగురూ అంతే. రాత్రి మంట వేసుకుని కూర్చుని వాళ్ల కష్టాలు ఒకరికొకరు చెప్పుకుంటారు. మంత్రాలామెకి తల్లి లేదని నాకు అలాగే తెలిసింది.

భూతాన్ని చంపిన ప్రతిసారీ వాళ్ల లెక్క కొంచెం పెరుగుతుంది. చాలినంత పెరిగాక చిన్న పాట మోగుతుంది, బలం పెరిగిందని అద్దం మీద రాసి చూపిస్తారు. ఆ పాట మోగినప్పుడల్లా మా పిల్ల మొహం విప్పారేది. అదే భూతాల్ని అదే గడ్డిలో పొద్దంతా చంపుతుంటే విసుగు రాదా అంటే, రాదంది. చేసిన పని ఎక్కడికీ పోదు కదా అంది. అది నాకు నచ్చింది. నా జన్మంతా చేపలు కోశాను. ఇదిగో, ఇప్పటికి నీ బలం ఇంత పెరిగింది అని నాకు ఏ చేపా చెప్పలేదు.

ఇంకొకటి ఉంది. ప్రతి ఊళ్లోనూ ఒక సత్రం ఉంటుంది. రెండు నాణేలు ఇచ్చి ఆ రాత్రికి పడుకుంటే, తెల్లారేసరికి నలుగురూ కొత్త మనుషుల్లా లేస్తారు. అది చూస్తే నాకు నవ్వొచ్చింది.

"ఒక్క రేత్రి పడుకుంటే దెబ్బలన్నీ మానిపోతాయేటే?" అన్నాను.

"మానిపోతాయి అమ్మమ్మా. అందుకే ఆడతన్నాను," అంది, అద్దం మీంచి కళ్లు తియ్యకుండానే.

నేను లేచి బియ్యం ఏరుకున్నాను.

ఇలా వేసవి సగం గడిచింది. మోకాలు మాత్రం ఉన్నచోటే ఉంది. కూతురు ఫోను చేసి అడిగినప్పుడల్లా వంగుతోంది, వంగుతోంది అని చెప్పేదాన్ని. పిల్లకి మొండితనం అనుకున్నాను. మొండితనానికి ఏం చెయ్యాలో నాకు తెలుసు గనక గట్టిగానే తిట్టాను. తిట్టు మోకాలికి పట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆ ఆటలో పెద్ద రాక్షసుడి కోటకి చేరారు. రోజులకొద్దీ వాడి దగ్గరికే పోతున్నారు కాబట్టి నేను కూడా వంటపని వదిలేసి చూస్తున్నాను. కత్తివాడు ముందు పడిపోయాడు. తర్వాత మంత్రాలామె, ముసలివాడు. మాన్పే పిల్ల ఒక్కతే నిలబడింది, దాని ఒంట్లో కూడా బలం అయిపోయింది. మా పిల్ల సంచి తెరిచింది. మందులు చూసి నేను నివ్వెరపోయాను. వరసగా సీసాలు. ఒక్కటి తాగిస్తే అందరి దెబ్బలూ ఒకేసారి మానేవి కూడా అందులో ఉన్నాయట. మా పిల్లే చెప్పింది. చెప్పి, వాటిని ముట్టుకోకుండా పక్కనున్న చవకరకం ఆకు ఒకటి నలిపి తినిపించింది. రాక్షసుడి వంతు వచ్చింది. అంతే, అద్దం నల్లబడింది.

"సంచినిండా మందులెట్టుకుని సచ్చిపోయారేటే మీవోళ్లు? ఎవులి కోసం దాసినావు?"

"ముందర ఇంకా పెద్దోడు వస్తాడేమోనని."

"ఇంకా పెద్దోడున్నాడేటి?"

"లేడు. ఈడే ఆకరోడు," అని తనే నవ్వేసింది. నవ్వి, నా మాట నాకే తిప్పికొట్టింది. "నన్నంటావేటి? ఆ కోనాం కుండ ఎవులి కోసం దాసినావో నువ్వు సెప్పు ముందు."

కోనాం కుండ సంగతి చెప్పాలి. మా వాడలో ప్రతి ఇంట్లోనూ వేట లేని రోజుల కోసమని ఒక కుండ ఉంటుంది. మంచి కోనాం చేప ముక్కలు ఉప్పు పట్టించి, గట్టిగా ఎండబెట్టి, కుండలో పెట్టి మూతికి గుడ్డ కడతాం. వేట ఆపిన రోజుల్లో తినాలి. కానీ ఆ రోజులు వచ్చాక, ఎవరైనా చుట్టాలొస్తారేమో అని ఆగుతాం. చుట్టాలొస్తే, ఇంకా మంచి చుట్టాలు వస్తారేమో అని చిన్న నెత్తళ్ల చేపలతో సరిపెడతాం. వేట మొదలవుతుంది, ఇక కొత్త చేప ఉండగా పాతదెందుకని ఊరుకుంటాం. అలా పురుగు పట్టిన కుండలు నేను చూశాను. మా అత్తగారి ఇంట్లో చూశాను, నా ఇంట్లోనూ చూశాను.

లేచి లోపలికి పోయాను. కుండ ఉన్న అరమీదే దాని మందుల డబ్బా ఉంది. డాక్టరు నొప్పి మాత్రలు రాసిచ్చాడు. అన్నం తిని మాత్ర వేసుకుని, కాసేపు ఆగి కాలు వంచమన్నాడు. అట్టలు తీసి చూశాను. చింపినవి తక్కువ, చింపనివి ఎక్కువ. అంతకుముందు కూడా నేను ఆ డబ్బా చూశాను. మాత్రలు తరగకపోతే పిల్ల గట్టిదని సంతోషించాను, కొత్తవి కొనక్కర్లేదని కూడా సంతోషించాను. ఆ రోజు మాత్రం డబ్బా తెచ్చి మంచం మీద కుమ్మరించాను.

"ఇయ్యెవులి కోసమే?"

"ఎప్పుడైనా బాగా నొప్పెడితే ఏసుకుందామని."

"ఇంతకన్నా పెద్ద నొప్పి ముందర ఉన్నాదేటి?"

అది మాత్రల వైపు చూసింది, నల్లబడిన అద్దం వైపు చూసింది. నీళ్లు ఇవ్వమని చెయ్యి చాచింది. అన్నం తినకుండా మాత్ర ఏటి అని ముందు అన్నం పెట్టాను.

ఇదంతా విని నా కూతురు, నీ పెంపకమే అమ్మా అంది. నేను ఒప్పుకోలేదు. మాత్రలు దాచమని నేనెప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో దాచమని ఎవరూ ఎవరికీ చెప్పరు.

ఆ రోజు నుంచి తిని, మాత్ర వేసుకుని, కాసేపు ఆట ఆడి, అప్పుడు చీరముక్క అందుకునేది. నాలుగుసార్లు లాగి వదిలేసే పిల్ల, లాగుతూనే ఉండేది. మంచం దిగి నేల మీద చాప వేసుకుంది. మడమ ఎంతవరకు వచ్చిందో అక్కడ నేను బొగ్గుతో గీత గీసేదాన్ని. నాకు పాట మోగించడం రాదు, గీత గీయడం వచ్చు. కానీ ఆటలో పెరిగింది తగ్గదు, నేల మీద తగ్గుతుంది. నిన్న దాటిన గీత ఈవేళ అందేది కాదు. అలాంటి రోజున దాని మొహం చూసి, ఆ సత్రంలో పడుకో పో అనేదాన్ని. నవ్వేది.

రాక్షసుడి దగ్గరికి మళ్లీ వెళ్లింది. ఈసారి సీసాలన్నీ ధారాళంగా పోసింది. కొన్ని మిగల్చమని దాని చెయ్యి పట్టుకోబోయి ఆగాను. వాడు చచ్చాడు. నలుగురూ ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. అద్దం మీద ఆట చేసినవాళ్ల పేర్లు పైకి పోతూనే ఉన్నాయి, మా పిల్ల కళ్లు తుడుచుకుంటోంది. గెలిచినదానివి ఏడుపెందుకంటే, రేపట్నుంచి ఆళ్లు ఉండరు కదా అంది. ఇంతకాలం కలిసి నడిచిన మనుషులట. ఆ మాట నేను అప్పుడు కొట్టిపారేశాను. తర్వాత ఒకరోజు చేపలు కోస్తూ, ఆ తిట్టే ముసలివాడు ఇల్లు చేరాడో లేదో అడగాలని నాకే అనిపించింది.

వేట మొదలైంది. వాన లేని ఒకరోజు ఒడ్డున కవ్వళ్ల చేపలు ఎండబోసి తిరగేస్తున్నాను. కర్ర ఊతంతో అది ఇసుకలో నడిచి వచ్చింది. మా పని నిలబడి చేసేది కాదు, గొంతుక్కూర్చుని చెయ్యాలి. కర్ర ఇసుకలో గుచ్చి, నా భుజం పట్టుకుని, కొంచెం కొంచెంగా కిందికి దిగింది. మడమల దాకా దిగింది. ఒక వరస తిరగేసింది. లేవడానికి నా చెయ్యి కావాల్సొచ్చింది, ఇచ్చాను. మెల్లగా లెగు అన్నాను.  ఇంటికొచ్చి కూతురికి ఫోను చేశాను. ఈసారి నిజమే చెప్పాను.

హాస్టలుకి బయలుదేరిన రోజు శ్రీకాకుళం బస్సు మెట్టు మీద ఆ కాలే ముందు పెట్టింది. సంచి అందించాను. ఏటీ బరువు అని లోపల చూసి, గుడ్డలో కట్టిన మూట వాసన చూసింది.

"కోనాం కుండ ఇప్పినావేటి అమ్మమ్మా?"

"తిను. అక్కడ దాసుకుని కూకోకు," అన్నాను.

బస్సు కదిలింది. ఇంటికి వచ్చి కుండ మూతికి మళ్లీ గుడ్డ కట్టాను. లోపల కొన్ని ముక్కలు ఉంచాను, అన్నీ ఇచ్చేస్తానా మరి.