చుక్క తేమ లేని ఎర్ర బండి

"చక్రం కింద రాయి పెట్టావా?"

"పెట్టానయ్యా, పడుకో."

మా ఆయన దేవదానానికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. అన్నేళ్ళు కాపురం చేసినవాళ్ళు చివర్లో ఏ దేవుడి మాటో, ఏ ప్రేమ మాటో చెప్పుకుని ఉంటారని మీరు ఎదురుచూస్తే నేనేం చేయను? మేము రాయి గురించి మాట్లాడుకున్నాం. ఆ రాయి వెనక ఒక బండి ఉంది. ఆ బండి వెనక నా తెలివి ఉంది. అది ఎంతటి తెలివో వింటే మీకు తింటున్న అన్నం పొలమారుతుంది. కాబట్టి కంచం పక్కన పెట్టి వినండి.

నాకు సంతకం వరకే చదువు. "సువార్తమ్మ" అని రాసేలోపు మిరపచేలో ఒక సాలు కలుపు తీసి రావచ్చు. అందుకని నేను చెబుతుంటే మా ఆడపడుచు రూతు రాస్తోంది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నా మాటలు దిద్దొద్దని ముందే ఒట్టు వేయించుకున్నాను. అయినా దిద్దుతూనే ఉంది. నేను ఆపాక కూడా పెన్ను కదులుతుంటే నాకు తెలియదా?

దేవదానం డ్రైవరు. మా వినుకొండ వైపు ఆయన తోలని బండి లేదు. మిరప బస్తాల లారీ, పత్తి ట్రాక్టరు, ఆసామి గారి తెల్ల కారు, అన్నీ తోలాడు. అన్నీ పరాయివాళ్ళవే. సాయంత్రం కాగానే తాళంచెవి వాళ్ళ గోడ మేకుకు తగిలించి ఇంటికి నడిచి వచ్చేవాడు. అలా నడిచి వస్తూ వస్తూనే ముసలివాడైపోయాడు. ఒకరోజు డాక్టరు, గుండె నీరసపడింది, ఇక కూలికి బండ్లు తోలొద్దు అన్నాడు.

ఆ రోజు నుంచి వాకిట్లో మంచం వేసుకుని రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు వింటూ కూర్చునేవాడు. "వాడు గేరు ఆలస్యంగా మార్చాడు, విన్నావా?" అని నన్ను అడిగేవాడు. నేను పప్పు తాలింపు చప్పుడు తప్ప ఏం విన్నాను? కానీ ఒక మధ్యాహ్నం చూద్దును కదా, కునుకు పట్టిన మనిషి ఎడమచెయ్యి మంచం పట్టెను పట్టుకుని గేరు మారుస్తోంది. కాలు కూడా కదులుతోంది. ఈ మనిషి సొంత బండి తోలకుండా పోకూడదు అనుకున్నాను. అదీ నా కోరిక. కోరిక మంచిదే. చెడింది మిగతాదంతా.

ఆ ఏడు మా కౌలు చేలో మిరప విరగకాసింది, రేటూ బాగుంది. ఇంటి రేకులు తీసేసి స్లాబు వేసుకుందామని దాచిన డబ్బు చేతిలో ఉంది. స్లాబు వాన ఆపుతుంది, అంతకంటే ఏం చేస్తుంది అని నాకు నేను చెప్పుకున్నాను. చెడిపోయే బుర్ర ఎంత చక్కగా వాదిస్తుందో చూశారా?

ఆయనకు ప్రార్థన కూటమని చెప్పి, రూతును వెంటబెట్టుకుని నరసరావుపేట రోడ్డులో పాత కార్లు అమ్మే షెడ్డుకు పోయాను. అన్నీ తెల్లవే. వాటి మధ్య ఒక ఎర్రది, నేలకు పొట్ట ఆనించి పడుకున్న మొసలిలాగా ఉంది. రెండే తలుపులు. వెనక ఎగరడానికి పెట్టినట్టు ఒక రెక్క.

"ఇదేం బండయ్యా?"

"పందేల బండమ్మా. డబ్బున్న కుర్రాడు ముచ్చటపడి కొన్నాడు. తొక్కితే గాలే!"

"మరి ఇంత చవకేంటి?"

"చిన్న చిన్న రిపేర్లు ఉన్నాయమ్మా."

ఆ షెడ్డాయన్ని నేనిప్పటికీ తిట్టను. రిపేర్లున్నాయని నిజమే చెప్పాడు. "చిన్న చిన్న" ఒక్కటే అబద్ధం.

ఇక నేను సరుకు చూడటం మొదలుపెట్టాను. పుట్టి బుద్ధెరిగాక నాకు చూడటం తెలిసిన సరుకు ఒక్కటే, మిరపకాయ. మొదట రంగు చూడాలి. తెల్లమచ్చలు పడిన కాయను మేము తాలు అంటాం, అది ఏరి పారేయాలి. బండి చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఒక్క తాలు మచ్చ లేదు, నిగనిగలాడుతోంది. రంగు ముందు వారమే కొట్టారని నాకేం తెలుసు? తర్వాత చప్పుడు చూడాలి. బాగా ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమంటుంది. చెవి దగ్గరకు బండి రాదు కాబట్టి బండి దగ్గరకే చెవి పెట్టి, రెండు చేతులతో పట్టుకుని ఊపాను. గలగల! తలుపు ఊపితే తలుపులో గలగల, మూతి ఊపితే మూతిలో గలగల.

"విన్నావా రూతూ? ఎంత బాగా ఎండిందో!"

"బండి ఎండటమేంటి వదినా?"

"నీకు తెలియదు, ఊరుకో."

షెడ్డాయన నోరు తెరిచినవాడు మళ్ళీ మూయలేదు. ఆ గలగల గిరాకీ చెవిన పడకుండా పాటలు పెట్టి అమ్ముకునే మనిషి, దాన్ని విని మురిసిపోయిన గిరాకీని మొదటిసారి చూశాడు.

ఆఖరుది తేమ. బరువు తూగాలని కాయల మీద నీళ్ళు చల్లి బస్తా కుట్టే మోసగాళ్ళుంటారు, మాకు అలవాటే. "ఇందులో నీళ్ళెక్కడ ఉంటాయి?" అని నిలదీశాను. ఆయన బిక్కుబిక్కుమంటూ ముందు మూత ఎత్తి, రేడియేటరు బిరడా తీసి చూపించాడు. వేలు పెట్టి చూశాను. చీపురుపుల్ల పెట్టి చూశాను. పొడి పొడిగా పైకి వచ్చింది.

"రూతూ, చుక్క తేమ లేదే! ఇలాంటి సరుకు మళ్ళీ దొరకదు."

"నేను వద్దన్నాను వదినా. అది కూడా రాస్తున్నాను," అంటోంది రూతు ఇప్పుడు. రాసుకో తల్లీ. ఆ రోజు నువ్వన్నది మాత్రం "ఎండకు కళ్ళు తిరుగుతున్నాయి, తొందరగా తెమలండి" అని.

బండిని ఇంటికి ఎవరు తోలుకొస్తారని అడిగితే షెడ్డాయన, "మొదటిసారి యజమాని చేతులే పడాలి కదమ్మా, తాడు కట్టి పంపిస్తాను," అన్నాడు. ఎంత మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను.

అలా ట్రాక్టరు వెనక బండి, బండి వెనక ఊరు వచ్చి మా వాకిట్లో ఆగాయి. దేవదానం మంచం మీంచి లేచాడు.

"ఏమేవ్, ఎవరిదిది?"

"నీదయ్యా. నీ పేరు మీదే. రూతు కాగితాలు కూడా చదివింది."

ఆయన చూడి గేదెను తడిమినట్టు దాన్ని తడుముతూ చుట్టూ తిరిగాడు. మూత ఎత్తి తల లోపల పెట్టాడు. ఎంతకీ బయటికి తీయడు.

"సువార్తా, రేడియేటరు చూశావా?"

"చూశాను."

"నీళ్ళున్నాయా?"

"చుక్క లేదు. అందుకేగా కొన్నాను!"

మూత కింద నుంచి ఒక వింత చప్పుడు వచ్చింది. ఏడుస్తున్నాడో, గుండె పట్టేసిందో తెలియక నా పై ప్రాణాలు పైనే పోయాయి. చొక్కా పట్టుకుని బయటికి లాగితే, నవ్వు. కళ్ళనిండా నీళ్ళు కారుతూ నవ్వు.

"ఊపి కూడా చూశావా ఏంటి?"

"చూశాను. గలగలమంది."

"ఓసి పిచ్చిదానా! ఇందులో బిగించి ఉన్న బోల్టు ఒక్కటి లేదే. బండి పేరు చెప్పి నీకు కాయల బస్తా అమ్మాడే వాడు."

నాకు స్లాబు గుర్తొచ్చింది. రేకులు గుర్తొచ్చాయి. "తిరిగి ఇచ్చేద్దామా?" అన్నాను.

ఆయన మూత నెమ్మదిగా, నిద్రపోతున్న బిడ్డ మీద దుప్పటి కప్పినట్టు దించాడు.

"ఎవరిదన్నావు?"

"నీది."

"నాదైతే ఎందుకిస్తాను?"

ఇక మొదలైంది రిపేరు. వినుకొండ నుంచి మెకానిక్కు మస్తాన్‌వలి వచ్చి చూసి, "పిన్నీ, మంచి సరుకే తెచ్చావు. ఇందులో ఇక పాడవటానికేమీ మిగల్లేదు," అన్నాడు. ఊపిరి ఆడటం లేదని మంచం దిగని మా ఆయన తెల్లారకముందే బండి కింద దూరేవాడు. కాళ్ళు మాత్రం బయట కనిపించేవి. టీ గ్లాసు ఆ కాళ్ళ దగ్గర పెట్టి వచ్చేదాన్ని. అంతకుముందు మందుబిళ్ళ వేయాలంటే వెంటబడాల్సి వచ్చేది. ఇప్పుడు ఆయనే అడిగి వేసుకున్నాడు. "బండి తేరుకునేదాకా నేనుండాలిగా," అనేవాడు.

ఆ ఏడు వానలకు ఇల్లు జల్లెడలా కారింది. చుట్టూ గిన్నెలు పెట్టి, మేమిద్దరం పోయి బండిలో కూర్చున్నాం. అది కారలేదు. అందులో పాడవనిది ఆ పైకప్పు ఒక్కటే. "ఇదేనే మన స్లాబు," అన్నాడాయన. నేను సిగ్గుతో తలొంచుకుంటే, తువ్వాలు తీసి నా తల తుడిచాడు.

ఎట్టకేలకు ఒకరోజు బండి లేచింది. వాడరేవు పోదాం, సముద్రం చూపిస్తానన్నాడు. తెల్లవారి బయలుదేరాం. వెనక సీటు నిండా నీళ్ళ డబ్బాలు. షెడ్డులో తాగని నీళ్ళన్నీ ఆ రేడియేటరు ఆ రోజే తాగింది. రోడ్డు మీద మిట్ట వచ్చినప్పుడల్లా బండి పొట్ట గీరుకుంటుందని నన్ను దింపేవాడు. నేను నడిచి అవతలికి పోయి మళ్ళీ ఎక్కేదాన్ని. ఆ లెక్కన సగం దూరం వాడరేవుకు నేను కాలినడకనే పోయాను.

పర్చూరు దాటాక రోడ్డు తిన్నగా వచ్చింది. ఇరువైపులా విచ్చిన పత్తి. ముందు ఒక బస్సు.

"పట్టుకో," అన్నాడు.

"ఏం పట్టుకోను?"

"ఏదో ఒకటి పట్టుకో!"

ఆయన జబ్బ పట్టుకున్నాను. బండి ఒక్క అరుపు అరిచింది. నా కొప్పు ఊడింది, బస్సు వెనకబడింది. భయంతో కళ్ళు మూసుకోబోతూ ఆయన మొహం చూశాను. ఇక మూసుకోలేదు. పెళ్ళినాడు కూడా ఆ మొహం అలా వెలగలేదు, ఒట్టు.

ఆ తర్వాత పొగ వచ్చిందనుకోండి. రోడ్డు పక్కన ఆగి డబ్బాలు వంపుతుంటే అదే బస్సు వచ్చింది. కండక్టరు తల బయటపెట్టి, "ఏం పెద్దాయనా, ఇప్పుడే గదా ఎగిరిపోయావు!" అన్నాడు.

"దీనికి దాహమేసింది నాయనా, నువ్వు పద!" అని ఈయన చెయ్యి ఊపాడు, తానే బస్సును సాగనంపుతున్నట్టు.

పొద్దు వాలుతుండగా చేరాం. ఎండుచేపల వాసన, పడవలు, ఎదురుగా సముద్రం. నేను దిగి నీళ్ళ దాకా పోయి వచ్చాను. ఆయన స్టీరింగు వదల్లేదు.

"దిగవా?"

"ఉండవే. నా బండిలోంచి చూడనీ."

అంత తిరిగినా ఒక్క రిపేరు మిగిలిపోయింది. చేతి బ్రేకు పడదు. ఆ సామాను ఎక్కడా దొరకలేదు. మా ఇల్లేమో మిట్ట మీద. అందుకని చక్రం కింద రాయి. నడుం వాల్చేముందు ఆయన రోజూ అడగాలి, నేను పెట్టానని చెప్పాలి.

ఆ ఆఖరి రోజు కాయలు మా ఇంటి పక్క కల్లంలో ఎండుతున్నాయి. ఉన్నట్టుండి మబ్బు, ఈదురుగాలి. కాయల మీద కప్పిన పట్టా లేచిపోతోంది. అందుబాటులో ఏమీ లేక చక్రం కింద రాయి లాగి పట్టా మీద పెట్టాను. బండి అప్పటికి కదల్లేదు. ఆయన అన్నం తిని మంచం మీద వాలుతూ అడిగాడు. టీ పెట్టాక పోయి సర్దొచ్చులే అని, పెట్టానన్నాను. టీ తెచ్చి లేపితే ఆయన లేవలేదు.

జనం పోగయ్యాక చూస్తే వాకిట్లో బండి లేదు. మిట్ట దిగి, చర్చి పక్కన పేర్చిన పత్తికట్టెకు మూతి ఆనించి నిలబడి ఉంది. యజమాని కంటే ముందే పోయి చర్చి దగ్గర కాచుకుంది అని ఊరంతా కళ్ళు తుడుచుకుంది. పాస్టరు గారు సమాధి దగ్గర కూడా ఆ మాట చెప్పారు. ఆరేళ్ళుగా మా రూతు ఏ చుట్టం వచ్చినా చెప్పి ఏడిపిస్తోంది.

రూతూ, అది మహిమ కాదమ్మా. ఆ రోజు చక్రం కింద ఏమీ లేదు. మీ అన్నకు ఆఖరున నేను చెప్పింది అబద్ధం.

పెన్ను ఆపావేం?

"ఆరేళ్ళు నాతో ఊరంతా ఎందుకు చెప్పించావు వదినా?"

నువ్వు అంత బాగా చెబుతుంటే మధ్యలో ఎట్లా ఆపను?

చూడండి, పుస్తకంలో తల దూర్చింది. ఒక వింత చప్పుడు. నవ్వో, ఏడుపో. ఆ రోజు మూత కింద నుంచి వచ్చింది కూడా ఇదే చప్పుడు. ఈ ఇంటివాళ్ళంతా ఇంతే.

సరే, నలుగురి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఈ సువార్తమ్మ ఈ జన్మలో ఇక ఏ బండినీ ఊపి కొనదు. రేడియేటరులో చీపురుపుల్ల పెట్టదు. రాయి పెట్టకుండా పెట్టానని ఎవరితోనూ అనదు.

ఏదీ, కళ్ళజోడు తుడుచుకుని మొదటి నుంచి ఒకసారి చదువు రూతూ. ఆయన అడిగిన మాట మీ అన్న గొంతుతోనే చదువు, నీకు వస్తుంది. నా జవాబు దగ్గర మాత్రం ఆగు. అది నేనే చెబుతాను.