డాబా మీద టంగ్‌స్టన్

ఈ ఉదయం మా ల్యాబులో ద్రావణి నీలం తిరిగింది. టి.హెచ్.ఎఫ్. అనే ఆ ద్రవం చూడటానికి మంచినీళ్ళలాగే ఉంటుంది. అందులోని తడిని పోగొట్టడానికి సోడియం ముక్కలూ, కాస్త బెంజోఫినోన్ పొడీ వేసి మరిగిస్తాం. నీటి జాడ పూర్తిగా పోయాక, సిరా ఒలికినట్టు నీలం వస్తుంది. హైదరాబాదు పొడిగాలిలో అదేమంత విశేషం కాదు. నా దగ్గర పరిశోధన చేస్తున్న పిల్లలు దానివంక చూడను కూడా చూడరు. నేను మాత్రం చూస్తాను. చూసినప్పుడల్లా ఒక గొంతు వినిపిస్తుంది: “నీలం వచ్చిందా అమ్మా?”

ఆ గొంతు అన్నపూర్ణ మేడంగారిది. అమలాపురంలో నేను ఎమ్మెస్సీ చదివిన కాలేజీలో ఆవిడ కెమిస్ట్రీ లెక్చరరు. పొట్టి మనిషి, ఎప్పుడూ నేతచీర, చీరమీద ఎక్కడో ఒకచోట యాసిడ్ కాల్చిన చిల్లు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. సంతాపసభలో మాట్లాడినవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు “మృదుస్వభావి” అన్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. మృదుస్వభావి ఏమిటి! మాట మెత్తన, అంతవరకూ నిజం. మనిషి మాత్రం నేను చూసినవాళ్ళలోకెల్లా మొండి. ఆ మొండితనం గురించి చెప్పకుండా ఆవిడ గురించి ఏం చెప్పినా చెప్పనట్టే. ఆవిణ్ణి ఎరగని మీకు ఇది రాస్తున్నది అందుకే.

మా కాలేజీలో ఆఖరి సెమిస్టరుకి ప్రాజెక్టు చెయ్యాలి. ఏటా అందరూ చేసేవి రెండే రెండు రకాలు: కొబ్బరినీళ్ళ పరీక్ష, లేదంటే రొయ్యల చెరువుల నీళ్ళ పరీక్ష. నేను మాత్రం మేడంగారి దగ్గర టంగ్‌స్టన్ పని ఎంచుకున్నాను. టంగ్‌స్టన్ అంటే పాతకాలపు బల్బులో వెలిగే తీగ, అంతే తెలుసు నాకు. ఆ లోహం పరమాణువు చుట్టూ ఆరు కార్బన్ మోనాక్సైడ్లు కూర్చుని ఉన్న ఒక తెల్లటి పదార్థం దొరుకుతుంది. అందులోంచి ఒకదాన్ని లేపి, ఆ ఖాళీలో ఫ్లోరిన్ తగిలించిన ఫాస్ఫీన్ అనే అణువుని కూర్చోబెట్టాలి. ఫ్లోరిన్ ఎలక్ట్రాన్లని తనవైపు గుంజుకునే రకం. అది పక్కన చేరితే లోహం తీరు ఎలా మారుతుందో చూడాలన్నది మేడంగారి ఆశ. ఏళ్ళ తరబడి ఆ ఆశ కాగితం మీదే ఉండిపోయింది.

అంశాలు ఆమోదించడానికి యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరుగారు వచ్చారు. నా కాగితం చూసి నవ్వారు. “ఇది తడి తగిలితే చెడిపోయే రసాయనం. మీ ఊళ్ళో గాలిలోనే నీళ్ళుంటాయి. ఎందుకమ్మా, శుభ్రంగా కొబ్బరినీళ్ళ మీద చేసుకోక?” అన్నారు. ఆయనన్నదాంట్లో అబద్ధం లేదు. మా ఊళ్ళో ఉప్పుడబ్బాకి మూత మరిచిపోతే సాయంత్రానికి నీరు కారుతుంది. కానీ ఆ నవ్వు ఉంది చూశారూ, అది గాలిలోని తేమని చూసి నవ్వింది కాదు, మమ్మల్ని చూసి నవ్వింది.

మేడంగారు చేతులు కట్టుకుని నిలబడే ఉన్నారు. “ఆయ్. కొబ్బరినీళ్ళు తాగుతామండీ. మీక్కూడా తెప్పించేను, ఇప్పుడే దింపిన కాయలు. పని మాత్రం టంగ్‌స్టన్ మీదే చేస్తామండీ” అన్నారు. ఆయన తాగారు, సంతకం కూడా పెట్టారు. కాని వెళ్తూ వెళ్తూ, పరీక్షకి తానే వస్తాననీ, చెయ్యలేకపోతే సెమిస్టరు పోతుందనీ అందరిముందూ అన్నారు.

సెమిస్టరు పోవడమంటే నాకు మాటలు కాదు. మా నాన్న కువైట్‌లో డ్రైవరు. మలికిపురంలో మా అమ్మ బట్టలు కుట్టేది. హైదరాబాదులో పరిశోధనకి సీటు వచ్చింది, ఆ ఏడు ఎమ్మెస్సీ పాసైతేనే చేరనిస్తారు. ఆ రాత్రి అమ్మతో చెబితే, “నవ్విన నాపచేనే పండుద్దంటారు. అయినా నాకేం తెలుసే, మీ మేడంగారినే అడుగు” అంది. మర్నాడు వెళ్ళి, భయంగా ఉందండీ అన్నాను.

“భయమేస్తే మానెయ్యమ్మా. నేనేం అనుకోను” అన్నారు ఆవిడ, గాజుగొట్టం తుడుస్తూ. “నీకు ఇష్టం లేక మానేస్తే అది నీ నిర్ణయం. నీ చేత కాదని ఆయనెవరో అన్నందుకు మాత్రం మానకు.”

మానలేదు.

నీలం కోసం మేము పడ్డ అవస్థ ఇప్పటి మా పిల్లలకి చెబితే నమ్మరు. పొద్దున మరిగించడం మొదలుపెడితే మధ్యాహ్నానికి కూడా మంచినీళ్ళలాగే ఉండేది. మేడంగారు క్లాసు క్లాసుకీ మధ్య తలుపులోంచి తొంగి చూసి అడిగేవారు. “నీలం వచ్చిందా అమ్మా?” “ఇంకా లేదండీ.” “సరే, రాక ఎక్కడికి పోతుంది.” వచ్చిన రోజున మాత్రం ఇద్దరం పెళ్ళికొడుకు దిగినంత హడావిడి పడేవాళ్ళం.

తరువాతది ఇంకా పెద్ద చిక్కు. కార్బన్ మోనాక్సైడ్‌ని లేపాలంటే అతినీలలోహిత దీపం కావాలి. అది మా దగ్గర లేదు. మేడంగారు కిటికీలోంచి బయటికి చూసి, “ఎండ ఉందిగా” అన్నారు. కాలేజీ డాబా మీదకి స్టూలు ఎక్కించాం. గాలి సోకకుండా నైట్రోజన్ నింపిన బెలూన్ కట్టి ఫ్లాస్కుని ఎండలో పెట్టాం. వెలువడే వాయువు విషం కనక ఆరుబయట అయితేనే మేలు కూడా. పక్కింటివాళ్ళు వడియాలు పెట్టుకుంటూ మావైపు చూసి, “మీవి ఎప్పటికి ఎండుతాయండీ?” అని అడిగేవారు. నీలంలోంచి ఆవిరిగా పట్టి చల్లార్చిన ద్రావణి మళ్ళీ మంచినీళ్ళలాగే ఉంటుంది. అందులో ఆ తెల్లటి పదార్థం కలిపిన ద్రావణం క్రమంగా పసుపు తిరగాలి. పసుపంటే ఖాళీ ఏర్పడిందని గుర్తు. కాని ఆ పసుపు నిలవ ఉండే సరుకు కాదు. వెంటనే ఫాస్ఫీన్ కలపకపోతే చేతిలోనే పాడైపోతుంది.

మొదటిసారి పసుపు రావడం వచ్చింది. చూస్తుండగానే గోధుమరంగు బురద అయిపోయింది. తప్పు మేడంగారిది. ఎండకి ఫ్లాస్కు వేడెక్కిపోతోందని మంచినీళ్ళ కుండకి చుట్టినట్టు దానికి మెడదాకా తడిగుడ్డ చుట్టారు. మూత సందులోంచి ఆ తడి లోపలికి దిగింది. ఆవిడ ఆ బురదకేసి కాసేపు చూసి, నుదురు కొట్టుకుని నవ్వారు. “వేసవి అనగానే చెయ్యి తడిగుడ్డ మీదకే పోయింది చూడు. నా బుద్ధి ఇంకా వంటింటి గట్టు మీదే ఉంది. నా తప్పే దుర్గా, రాసుకో” అన్నారు. నిజంగానే రాయించారు. పాఠం చెప్పే మనిషి తన పొరపాటుని విద్యార్థి చేత రాయించుకోవడం అంతకుముందు నేను చూడలేదు, ఆ తరువాతా పెద్దగా చూడలేదు. ఆపైన ఫ్లాస్కు అడుగుభాగం మాత్రమే మునిగేలా నీళ్ళ బేసిన్లో పెట్టాం. పసుపు నిలిచింది, ఫాస్ఫీన్ కలిపాం.

స్ఫటికాల కోసం ఎదురుచూసే రోజుల్లో నాకు చేతులు నిలిచేవి కావు. ఒక్కసారి మూత తీసి చూద్దామాండీ అన్నాను. “మీ ఇంట్లో కురిడీ అయిందో లేదో కాయ పగలగొట్టి చూస్తారా?” అన్నారు. మా వైపు కొబ్బరికాయని అటక మీద నెలల తరబడి కదపకుండా ఉంచితే నీరు లోపలే ఇంకి, కొబ్బరి ఎండి కురిడీ అవుతుంది. అయిందో లేదో ఊపి, చప్పుడు విని తెలుసుకుంటారు. “లేదండీ, ఊపి చూస్తారండీ” అన్నాను. “దీన్ని ఊపకు కూడా. ఊరికే ఉండు.” ఊరికే ఉండటం అంత కష్టమైన పని అని నాకు అప్పుడే తెలిసింది. చివరికి గాజు గోడకి లేతపసుపు సూదులు మొలిచాయి.

మొలిస్తే చాలదన్నారు మేడంగారు. వాళ్ళది వేదం చెప్పే ఇల్లు. నాన్నగారు శిష్యులచేత ఒకే వాక్యాన్ని ముందుకీ వెనక్కీ, మాటలు జతలు కట్టించీ చెప్పించేవారట. ఎక్కడ అక్షరం జారినా ఏదో ఒక వరసలో దొరికిపోతుంది కదా. “ఆడపిల్లనని నాకు నేర్పలేదు. గోడ ఇవతల కూర్చుని విన్నాను. ఎవరూ చెవులు మూయలేదుగా!” అన్నారు. మా పదార్థాన్నీ అలాగే చదివించారు. అణువు ఆనవాలుని కాగితం మీద గీతగా గీసే పాత ఐఆర్ యంత్రం కాలేజీలో ఉంది, దాని మీద ఒకసారి, మూలకాల పాళ్ళు తేల్చే పరీక్షలో ఒకసారి. ఎన్ఎంఆర్ అనే పరీక్షకి హైదరాబాదు పంపించారు. ఫాస్ఫరస్ నిజంగా టంగ్‌స్టన్‌ని పట్టుకుని ఉంటే అందులో ఎత్తైన గీతకి అటూ ఇటూ రెండు పొట్టి గీతలు లేవాలి. కాగితం విప్పి చూస్తే, పల్లకీకి చెరోపక్కా కాగడాలు పట్టినట్టు, ఉన్నాయి. నేను ఏడ్చాను. మేడంగారు కళ్ళజోడు తుడుచుకుని, “ఇంకోసారి చేసి చూద్దాం” అన్నారు.

పరీక్షరోజున ప్రొఫెసరుగారు ఆ కాగితాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. తప్పు దొరకలేదు. “కాగితం బాగుంది. కాని ఇది ఇక్కడ చేసింది కాదు. ఎక్కడో పెద్ద ల్యాబులో చేసింది తెచ్చి చూపిస్తున్నారు” అన్నారు. చేతకాదన్నప్పుడు భయం వేసింది. దొంగ అన్నప్పుడు మాత్రం పట్టరాని కోపం వచ్చింది.

మేడంగారు గొంతు పెంచలేదు. “ఎండ బావుందండీ. డాబా మీదకి దయచేయండి. మీ ఎదురుగానే చేస్తాం. దుర్గా, నీలం వచ్చిందా?” అన్నారు. వచ్చిందండీ అన్నాను. తెల్లవారుజామునే వచ్చి ద్రావణి మరగబెట్టమని ముందురోజు ఆవిడ ఎందుకు చెప్పారో అప్పుడు అర్థమైంది.

ఇక్కడ మా గోదావరి వాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర అతిథికి ఏం తక్కువైనా సర్దుకుంటారు గానీ భోజనం వేళ దాటితే ఊరుకోరు. ఆ రోజు ప్రిన్సిపాల్‌గారు పనసపొట్టు కూర నుంచి పూతరేకుల దాకా ఏర్పాటు చేయించారు. డాబా మీద గొడుగు నీడలో ప్రొఫెసరుగారు కుర్చీలో, ఎండలో నేనూ, మేడంగారూ, ఫ్లాస్కూ. సముద్రం వైపు నుంచి ఒక మబ్బు వచ్చి సూర్యుడికి అడ్డంగా తిష్ఠ వేసింది. విస్తళ్ళు పరిచేశారని కబురొచ్చింది. మబ్బు కదిలింది. రెండోసారి కబురొచ్చేసరికి ద్రావణం అప్పుడప్పుడే పసుపెక్కుతోంది. మూడోసారి ప్రిన్సిపాల్‌గారే మెట్లెక్కి వచ్చారు.

“అన్నపూర్ణమ్మగారూ, అన్నం చల్లారిపోతోందండీ. భోంచేసి వచ్చి చేసుకోవచ్చు కదండీ!”

“చల్లారనివ్వండి” అన్నారు మేడంగారు, ఫ్లాస్కు మీంచి చూపు తిప్పకుండానే. “ఈ పసుపు ఆగదండీ. భోజనం ఆగుతుంది.”

ప్రొఫెసరుగారు లేవబోయారు. “సరే, చూశాను కదా” అన్నారు. “ఇంకా అవలేదండీ. సగం చూసి వెళ్తే రేపు మళ్ళీ అనుమానం వస్తుంది. కూర్చోండి” అన్నారు మేడంగారు. ఆయన కూర్చున్నారు. ఒక్క చుక్క ఒలకకుండా ఫాస్ఫీన్ ద్రావణం ఎక్కించాను. సాయంత్రం ఐఆర్ యంత్రం గీసిన గీతని పాత గీత మీద పెట్టి కిటికీ వెలుగులో చూపించాం. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. ఆయన మార్కులు వేసి సంతకం పెట్టారు. క్షమించండి అన్నారా అని నన్ను చాలామంది అడుగుతారు. అనలేదు. మేడంగారు అడగనూ లేదు.

కాలేజీలో ఆ తరువాత టంగ్‌స్టన్ గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చిన మనిషిని వేళకి భోజనం చెయ్యనివ్వకుండా కూర్చోబెట్టిందనే మాట్లాడుకున్నారు. “పేరు అన్నపూర్ణ, చేసే పని ఇదీ!” అన్నారు. ఆవిడ రిటైరయ్యాక ఆ గదిలో కంప్యూటర్లు పెట్టారు. గాజుసామానంతా ఏమైందో తెలియదు. ఆవిడకి బహుమానాలేమీ రాలేదు, పెద్ద పదవులూ రాలేదు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ కోపాన్ని తగ్గించుకునే ఉద్దేశం నాకు లేదు.

మొన్న వేసవిలో ఒక చిన్న ఊరి కాలేజీకి నన్ను పరీక్షాధికారిగా పిలిచారు. కాగితాలు చూస్తున్నప్పుడు పక్కనున్న లెక్చరరు ఒకాయన నా చెవిలో, “ఈ అమ్మాయిది తనే చేసిందో లేదో అనుమానమేనండీ, ఇక్కడ అంత సదుపాయం లేదు” అన్నాడు. ఆ అమ్మాయి వినేసింది. మొహం ఎర్రబడింది. “ఇప్పుడే చేసి చూపిస్తాను మేడం” అంది. సరే అన్నాను. ఆమె బర్నర్ వెలిగించి పని మొదలుపెట్టింది. ద్రావణంలో రంగు ఇంకా తిరగలేదు, ఇంతలో ప్రిన్సిపాల్‌గారు తలుపు దగ్గరికొచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

“వడ్డించేశారు మేడం. చల్లారిపోతుంది.”

“చల్లారనివ్వండి” అన్నాను, కుర్చీని ఆ అమ్మాయి బల్ల దగ్గరికి లాక్కుంటూ.