తిరిగితే నిండే ఊయల

మర్గిలాన్ పట్టణంలో ఊయలలు చేసే వీధిలో ఇనోబత్ రంగు వేయని ఊయల అమ్ముడుపోదని చెప్పుకునేవారు. తండ్రి దగ్గర కుంచె పట్టింది మొదలు నలభై ఏళ్లుగా మల్బరీ చెక్క మీద పూలూ తీగలూ వేస్తూనే ఉంది. తన ఇంట్లో మాత్రం ఊయల ఊగలేదు. అలాగని దిగులుతో ముడుచుకు కూర్చునే మనిషి కాదు. అట్టముక్కను గుండ్రంగా కోసి, ఒకవైపు పిట్టనూ రెండోవైపు కొమ్మనూ వేసి, అటూ ఇటూ దారాలు కట్టేది. దారాలు మెలిపెట్టి లాగితే అట్ట గిర్రున తిరిగి, పిట్ట కొమ్మ మీద వాలేది. వీధి పిల్లలు ఆమె గుమ్మం వదిలేవారు కాదు.

పక్కింటి రిసోలత్ అవ్వ మనవరాలు నిగోరాకు పెళ్లైన పన్నెండేళ్లకు కొడుకు పుట్టాడు. వాణ్ణి ఊయలలో వేసే వేడుకకు పిలుపు రాగానే ఇనోబత్‌కు కాలు నిలవలేదు. కొత్త అట్ట కోసి ఒకవైపు ఊయల, రెండోవైపు బూరెబుగ్గల పిల్లాణ్ణి వేసింది. ఆడవాళ్లంతా చూస్తుండగా దాన్ని అవ్వ చేతిలో పెట్టింది.

అవ్వకు కనిపించింది ఊయల వైపే. దారం పట్టుకుని అటూ ఇటూ ఊపిన మరుక్షణం ముఖం మాడిపోయింది.

“ఖాళీ ఊయల ఊపిస్తావటే నాచేత? శుభమా అని పిల్లాణ్ణి పడుకోబెట్టే రోజున! నీకు లేరని మాకూ లేకుండా చేద్దామనా?”

ఖాళీ ఊయల ఊపితే పిల్లలకు అరిష్టమని తెలియనివాళ్లు ఆ ఊళ్లో లేరు. ఊయలలతోనే బతికిన ఇనోబత్‌కే ఆ సంగతి తట్టలేదు. ఈ మాట గడప దాటితే తన చేతి ఊయలను ఇక ఎవరూ ఇంట్లోకి రానివ్వరు. అంతకంటే ‘నీకు లేరని’ అన్న మాట ఎక్కువ నొప్పి పెట్టింది.

“అలా కాదవ్వా, తిప్పి చూడాలి,” అంటూ దారాలు మెలిపెట్టి లాగింది.

ఊయలలో పిల్లాడు! అవ్వ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“మళ్లీ తిప్పు.”

మళ్లీ పిల్లాడు.

“ఇటివ్వు, నేను తిప్పుతా.”

ఇక వదిలితే ఒట్టు. పలావూ చల్లారింది, టీ కూడా చల్లారింది.

“అవ్వా, అసలువాడు ఏడుస్తున్నాడు, వాణ్ణి ఊపవూ?” అంది నిగోరా పకపకా నవ్వుతూ.

“వాణ్ణి నువ్వు ఊపుకో. వీడు నా చేతిలో తప్ప నిద్రపోడు.”

చివరికి చేతులు నొప్పెట్టి అవ్వ అట్టను ఒళ్లో పెట్టుకుంది. ఊయల వైపే పైకి ఉంది. అప్పుడే వచ్చిన చుట్టాలావిడ దాన్ని చూసి బుగ్గలు నొక్కుకుంది.

“ఇవాళ ఈ ఖాళీ ఊయలేంటి వదినా, అపశకునం!”

ఇనోబత్ దారాల కోసం చెయ్యి చాపింది.

“కళ్లు కనపడవుటే? మా ఇనోబత్ కొడుకు పడుకున్నాడందులో,” అంది అవ్వ. “అరిచి లేపకు.”