నడిమి మునుం

బుగ్గయ్య బండిలో నారు కట్టల నడుమ కూర్చుని, ఇబ్రహీంపట్నం దాటి కోహెడ దిక్కు పోతున్నాను. ఊరూరూ తిరిగే సన్యాసిని, కోహెడలో నాకు పనేమీ లేదు. బండి అటు పోతోంది, అంతే. తడి నారు వీపుకు చల్లగా తగులుతోంది. యూనియన్ సైన్యం వచ్చి నిజాం పాలన ముగిసినాక పడుతున్న మొదటి తాబి నాట్లు అవి. తాబి అంటే ఎండాకాలంలో కోతకొచ్చే రెండో పంట. మిలిటరీ లారీ ఎదురైనప్పుడల్లా బుగ్గయ్య బండిని రోడ్డు అంచుకు దింపి, దుమ్ము అణిగేదాకా ఆగేవాడు.

"రజాకార్లొచ్చినప్పుడు సుత గీ అంచుకే దింపిన తాతా. లారీలు మారినయ్ గని అంచు మారలే."

రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ దగ్గర ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నడుముకు పాత రుమాలు గట్టిగా బిగించి కట్టుకుంటోంది. బండిని చూడగానే లేచి, కొంగుతో ఆ కట్టు కప్పేసింది.

"అన్నా, గీ నారు ఎవరి మడికి?"

"మల్లేశయ్య పటేలు మడికి."

"మనుషులు సాలినరా?"

"యాడ సాలుతరు? సగం మంది నాట్లకు ఎటో పోయిరి. నువ్వు నాటేస్తవా?"

"ఏస్త."

బండి వెనకాలే నడవసాగింది. ఎక్కమన్నాను.

"వద్దు తాతా, కుదుపు పడది" అని, వెంటనే నాలుక కరుచుకుంది.

"ఎన్నో నెల బిడ్డా?" అన్నాను గొంతు తగ్గించి.

"ఆరు. బండోనికి చెప్పకు."

"బండోనికి చెవులున్నయ్ చెల్లె" అన్నాడు బుగ్గయ్య వెనక్కి తిరగకుండానే. "నోరైతే లేదు, ఫికర్ చెయ్యకు."

ఆమె పేరు సుసన్న. ఇబ్రహీంపట్నం అవతలి పల్లె. మొగుడు నారయ్య సంఘంలో తిరిగినవాడు. దొరల వెట్టి మానిపించిన గుంపుల్లో అతనూ ఉన్నాడు. దీపావళికి ముందు మిలిటరీ పట్టుకుపోయింది. ఏ జైలులో ఉన్నాడో చెప్పేవాళ్లు లేరు. ఆ తర్వాత ఊళ్లోకి తిరిగొచ్చిన దొర మనుషులు నాటు కూలీల పెద్ద మారెమ్మను పిలిచి, సుసన్నను వరుసలో పెట్టుకుంటే వరుస మొత్తం ఇంటికే అన్నారు.

"మారెమ్మత్త ఏడ్సింది. నేనే రానంటి. నా ఒక్కదాని కోసం అందరి పొయ్యిలు ఆర్పుతనా?"

అప్పటి నుంచీ పని కోసం తిరుగుతోంది. జల్‌పల్లి దిక్కు ఇటుక బట్టీకి పోతే బరువెత్తి చూపమన్నారు. ఎత్తింది. దింపేటప్పుడు చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది, వాళ్లు చూశారు. కందుకూరులో పల్లికాయ కొట్టేచోట కూర్చుని చేసే పనే గదా అని ఆశపడింది.

"కాన్పైనంక రా అన్నరు. కాన్పు దాక ఏం తినాలెనో వాళ్లే చెప్పకపోయిరి."

మా ప్రాంతపు సంగతి తెలియనివారి కోసం ఒక మాట. నాటులో ఒక్కొక్కరు పట్టుకునే పట్టీని మునుం అంటారు. వరుసలో కొత్తవాళ్లకు గట్టు పక్క మునుం ఇస్తారు. కడుపుతో ఉన్నదాన్ని మాత్రం నడుమ పెట్టుకుంటారు. ఆమెకు అటూ ఇటూ ఉన్నవాళ్లు చేతులు చాచి, ఆమె పట్టీలో చెరి కాస్తా నాటేస్తారు. వెనకనుంచి చూస్తే వరుస ఎక్కడా వంకర పోదు, ఎవరు తక్కువ నాటారో దేవుడికి కూడా తెలియదు. ఇంకొకటి, ఏ చెయ్యి నాటిందో ఆ చెయ్యికే కోత. సుసన్న ఆరాటమంతా అందుకే. ఇప్పుడు ఏదో ఒక వరుసలో చెయ్యి పడితేనే, బిడ్డ చంకకు ఎక్కేనాటికి కోత ఉంటుంది, గింజలుంటాయి. నాట్లు అయిపోవస్తున్నాయి. ఈ మడి దాటితే మళ్లీ మడి దొరుకుతుందో లేదో.

నాకు పాత చదువులు మోసుకు తిరిగే జబ్బు ఉంది. కాశీ నుంచి కంచి దాకా మూట ఎన్నిసార్లు పారేసుకున్నా అవి మాత్రం పోలేదు. ఏరు దాటించే పడవ మీద సుంకం అడగకూడనివాళ్లలో గర్భిణి ఒకతె, దేశం తిరిగే సన్యాసి ఒకడు అని పెద్దలెవరో ఎప్పుడో రాసిపెట్టారు. ఆ రాసినవాడు ఇంకెన్ని అన్యాయాలు రాశాడో అది వేరే సంగతి. ఇది మాత్రం నాకు ముచ్చటగా ఉండేది. అదే ఆమెకు చెప్పాను.

"అంటే నువ్వు నేను ఒక్క పడవల ఎక్కొచ్చు" అని నవ్వింది. "ఏరు దాటెటందుకు సరే తాతా. మడిల దిగెటందుకు ఏమన్న రాసిండ్రా?"

రాయలేదు. నాకు తెలిసినంతలో ఎవరూ రాయలేదు.

తర్వాత ఆమే అడిగింది. "ఇన్ని ఊర్లు తిరుగుతవ్ గద తాతా. యాడన్న నారు ఇసిరేటోన్ని సూసినవా?"

"అందరూ విసురుతరు గద బిడ్డా."

"అందరి లెక్క గాదు. మా మడిల ఆయననే ఇసురుతుండె. గట్టు మీద నిలవడి ఇసిరితే కట్ట నా పక్కన్నే వడేది. బురద ఒక్క సుక్క సుత నా మీద సిల్లకపోయేది. పక్కోళ్ల మీద సిల్లేది. గందుకే మారెమ్మత్త తిడుతుండె, నీ పెండ్లామొక్కతే మనిషారా, మేం బర్రెలమా అని." కాసేపు నడిచి, "ఇప్పుడు యాడ కట్ట వడ్డ సప్పుడైనా తల లేస్తది తాతా. గిదేం రోగమో" అంది.

మల్లేశయ్య మడి దగ్గర బండి ఆగింది. ఆడవాళ్లు కొంగులు దోపుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు. వాళ్ల పెద్ద ఇంద్రమ్మ. గొంతు వింటే ఎద్దులు కూడా సర్దుకుని నిలబడతాయి. మల్లేశయ్య తలపాగా సర్దుకుంటూ సుసన్నను కిందికీ మీదికీ చూశాడు.

"ఎవరి పొల్లవు? మీ దిక్కు నాట్లు లేవా?"

"మా దిక్కు వరుస నిండింది పటేలా."

"నడుము వంగుతదా?"

"వంగుతది."

ఆయన తల ఊపాడు. ఇంద్రమ్మ ఆమెకు గట్టు పక్క మునుం చూపించి, "దిగుండ్రి, నారు ఎండుతున్నది" అని కేకేసింది. అందరూ దిగారు. సుసన్న కూడా దిగింది. కాళ్లకు బురద తగలగానే ఆ మనిషికి ఏమైందో, లేక ఆ కాళ్లకే సొంత జ్ఞాపకం ఉందో, గట్టు వదిలి తిన్నగా వరుస నడిమికి నడిచిపోయింది. పోయి, ఇద్దరి మధ్య జాగాలో నిలబడి, నారు కోసం చెయ్యి చాచింది. మోరీ దగ్గర బిగించిన కట్టు, పటేలుకు చెప్పిన మాట, అన్నీ అక్కడ దండగైపోయాయి.

అందరికీ తెలిసిపోయింది. మల్లేశయ్యకూ తెలిసింది.

"కొత్తది నడిమిట్ల నిలవడ్డదేందే? బయటికి రా. రేపు మడిల ఏమన్నయితే నా మెడకు సుట్టుకుంటది."

సుసన్న కదల్లేదు. చాచిన చెయ్యి మాత్రం మెల్లగా దించుకుంది.

"ఆమె నిలవడితే నీకేమాయె?" అంది ఇంద్రమ్మ.

"ఏమాయెనా? మునుం సగం సుత సాగది, కూలి మాత్రం నిండా అడుగుతది. మొన్నటి దాక సంఘమని మస్తు ఎగిరిండ్రు. ఇప్పుడు మిలిటరీ ఉన్నది, యాదుంచుకో."

"సంఘం మొన్నటిది పటేలా. నడిమి మునుం మా అవ్వలనాటిది. నాటు తక్కువైతే నన్నడుగు, ఆమెను గాదు. మడి నీదే. వరుస మాది."

"గట్లనా?"

"గట్లనే. నిన్ను కన్న అవ్వ సుత గీ మడిలనే నడిమిట్ల నిలవడ్డది. అప్పుడు మీకింత భూమి యాడిది? మా అత్త పక్క మునుం వట్టి, మీ అవ్వ పాలు నాటేసింది. కడుపుల నువ్వే ఉంటివి. ఆ లెక్కన నువ్వు సుత మాతోని కూలికొచ్చినోడివే."

వరుస ఒక కొసన నవ్వు మొదలై ఇంకో కొసకు పాకింది. బుగ్గయ్య ఎద్దుల తోకలు సవరిస్తున్నట్టు అటు తిరిగాడు. మల్లేశయ్య బండిలో వాడుతున్న నారును, పైకెక్కుతున్న ఎండను చూశాడు. "కోతల దాక పంచాయితీ నాకొద్దు" అన్నాడు.

"కోతకు సుత వస్తది. నాటిన చెయ్యి గద" అంది ఇంద్రమ్మ. "గట్టు మీద ఉయ్యాల ఏస్తది. పొల్లనో పొల్లగాడో, నీ మడి పేరు పెట్టుమంటం తియ్యి."

ఆయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటూ బావి దిక్కు పోయాడు.

పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు సుసన్నకు ఒక్కొక్క జానెడు దగ్గరికి జరిగారు. ఒకామె ఆమె నడుము మీది కట్టు వైపు చూసి, "జర వదులు చెయ్యి పొల్లా, లోపటోనికి ఊపిరాడాలె" అంది. సుసన్న రుమాలు విప్పి తలకు చుట్టుకుంది. ఇప్పుడు ఆరు నెలలూ కనబడుతున్నాయి.

నేను గట్టు మీద నిలబడ్డాను. నాటేవాళ్లు వెనక్కి నడుస్తారు. ముఖం మన వైపే ఉంటుంది, మనిషి మాత్రం దూరమైపోతుంటుంది. సుసన్న వంగి, గుచ్చి, ఒక అడుగు వెనక్కి వేసింది. ఎడమ పక్క చెయ్యి వచ్చి ఆమె పట్టీలో నాలుగు మొక్కలు గుచ్చింది. కుడి పక్క చెయ్యి ఇంకో నాలుగు గుచ్చింది. మళ్లీ ఒక అడుగు. ఎవరో పాటెత్తుకున్నారు. మాటలు నాకు అందలేదు.

బుగ్గయ్య కట్ట విసిరాడు. అది ఆమె పక్కనే పడింది. బురద ఎగిరి ఆమె చెంప మీద చిల్లింది.

ఆమె తలెత్తింది. నా వైపు కాదు. నా పక్కన, గట్టు మీద ఖాళీగా ఉన్న జాగా వైపు చూసింది. నేను తెలియకుండానే కాస్త తప్పుకున్నాను, ఎవరికో దారి ఇచ్చినట్టు.

తర్వాత చెంప తుడుచుకోకుండానే వంగింది. ఒక అడుగు వెనక్కి, ఇంకో అడుగు. మా ఇద్దరి మధ్య పచ్చటి వరుసలు ఒక్కొక్కటే లేచి నిలబడుతుంటే, మడి అవతలి గట్టు దాకా అట్లాగే వెళ్లిపోయింది.